తడి బయటికి పోయే దారి
ఇంటి యంత్రాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వర్షాలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో డ్రైయర్ ప్రస్తావనే ఎక్కువగా ఉంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆషాఢం నుంచి కార్తీకం దాకా దండెం మీద బట్టలు ఆరడం ఎంత కష్టమో, ఆరీ ఆరని దుప్పట్ల వాసన ఇల్లంతా ఎలా పట్టేస్తుందో నాకూ తెలుసు కనుక, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయించాను. ముందుగా ఒక మనవి. డ్రైయర్ అనే మాటను మనం రెండు వేర్వేరు వస్తువులకు వాడుతున్నాము. సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో ఉతికే తొట్టి పక్కన ఉండే చిన్న తొట్టిని డ్రైయర్ అంటాము గాని, అది బట్టలను వేగంగా తిప్పి నీటిని పిండుతుందే తప్ప ఆరబెట్టదు. రెండవది విడిగా కొనుక్కునే వేడిగాలి యంత్రం. వీటి జబ్బులు వేరు, మందులు వేరు. ఉత్తరం రాసేటప్పుడు మీ ఇంట్లో ఉన్నది ఏదో తప్పక తెలియజేయండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం వేడిగాలి డ్రైయర్ కొని, దొడ్డివైపు స్నానాల గదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో పెట్టుకున్నాము. మొదట్లో గంటలో ఆరిపోయే బట్టలకు ఇప్పుడు మూడు గంటలు పడుతోంది. అప్పటికీ దుప్పట్ల అంచులు చెమ్మగానే ఉంటున్నాయి. హీటరు బలహీనపడిందని, మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్పించమంటారా?
(ఒక గృహిణి, విజయనగరం)

జవాబు: ఇప్పుడే మార్పించకండి అమ్మా. హీటరు తీగ ఉన్నంతకాలం వేడెక్కుతుంది, తెగిన రోజున ఆగిపోతుంది. నెలనెలా కొంచెం కొంచెంగా నీరసించే గుణం దానికి సాధారణంగా ఉండదు. కొన్ని యంత్రాలలో రెండు తీగలుంటాయి, వాటిలో ఒకటి తెగితే సగం వేడే వస్తుంది. అయితే ఆ తేడా ఒక్కరోజులో తెలిసిపోతుంది. మీ యంత్రం రెండేళ్లుగా మెల్లమెల్లగా మందగించింది కాబట్టి, నా అనుమానం హీటరు మీద కాక గాలి దారి మీద ఉంది.

ఒక లెక్క చూడండి. 5 కిలోల పొడి నూలు బట్టలను ఉతికి, నిమిషానికి 1000 చుట్ల వేగంతో పిండిన తరువాత కూడా వాటిలో సుమారు 3 కిలోల నీరు మిగిలి ఉంటుంది. ఆ మూడు లీటర్ల నీరు ఆవిరై, గాలితో కలిసి, యంత్రం దాటి, గది కూడా దాటి బయటికి పోవాలి. హీటరు చేసేది ఆ నీటిని ఆవిరి చేయడం వరకే. ఆ ఆవిరిని మోసుకుపోవలసింది గాలి. గాలికి దారి మూసుకుపోతే హీటరు ఎంత కాలినా లోపలి తడి లోపలే తిరుగుతుంది.

ముందుగా తలుపు దగ్గర ఉండే జల్లెడను, అంటే నూగు పట్టే ఫిల్టరును, బయటికి తీయండి. ప్రతి విడత తరువాత దాని మీది నూగును తీసేస్తున్నామని మీరు అనవచ్చు. నిజమే, చాలామంది తీస్తారు. కాని బట్టలు మెత్తగా ఉండడానికి వాడే కండిషనర్ ఆ జల్లెడ మీద కంటికి కనిపించని జిడ్డు పొరగా పేరుకుంటుంది. నూగు లేకపోయినా ఆ పొర గాలిని ఆపుతుంది. దీనికి తేలికైన పరీక్ష ఒకటుంది. జల్లెడను కుళాయి కింద పట్టుకోండి. నీరు ధారగా కిందికి దిగిపోతే మంచిదే. చెంబుడు నీళ్లు పోసినా అందులోనే మడుగులా నిలిచిందంటే ఆ జల్లెడలోంచి గాలి కూడా సరిగా పోవడం లేదని అర్థం. గోరువెచ్చని సబ్బునీటిలో పాత పళ్లబ్రష్‌తో నెమ్మదిగా రుద్ది, పూర్తిగా ఆరిన తరువాత తిరిగి పెట్టండి.

తరువాత వెనుక గొట్టం. కిందటి ఏడాది చీపురుపల్లిలో అచ్చం మీలాంటి ఫిర్యాదు ఉన్న ఒక ఇంటికి వెళ్లాను. డ్రైయర్‌ను ముందుకు జరిపి, నాలుగు అంగుళాల గొట్టాన్ని విప్పితే, మొదటి మలుపులోనే బూడిద రంగు నూగు కంబళి ముక్కలా గట్టిపడి ఉంది. దానిని చేత్తో లాగితే పొరలు పొరలుగా వచ్చింది. ఆ పొరల మధ్య ఒక ఎర్రచీర దారాలు, పిల్లవాడి చొక్కా గుండీ కనిపించాయి. అంతా శుభ్రం చేసి తిరిగి బిగించినా గాలి రాలేదు. బయటి గోడకు వెళ్లి చూస్తే, గొట్టం చివర గాలి తోసినప్పుడు తెరుచుకోవలసిన రెక్క మూసుకుపోయి ఉంది. సంక్రాంతికి గోడలకు రంగు వేయించినప్పుడు ఆ రెక్క మీదా రంగు పడి అతుక్కుపోయిందన్నమాట. చాకుమొనతో ఆ రంగును గీకి, రెక్కను విడదీసిన తరువాత, అదే రోజున అవే దుప్పట్లు గంటంపావులో ఆరిపోయాయి. కొత్తగా ఒక్క భాగం కూడా వేయలేదు. మీరు కూడా డ్రైయర్ నడుస్తుండగా గోడ బయట రెక్క దగ్గర అరచేయి పెట్టి చూడండి. వెచ్చని గాలి బలంగా తగలాలి. పిచ్చుకలు, గోరువంకలు ఆ కన్నంలో గూడు పెట్టడం కూడా మన వైపు మామూలే.

మీ యంత్రానికి బయటికి గొట్టమే లేకపోతే సమస్య ఆ గదే. మూసిన చిన్న గదిలో ఆ మూడు లీటర్ల ఆవిరి గోడలకు పట్టి, అదే చెమ్మగాలి మళ్లీ యంత్రంలోకి వెళుతుంది. కిటికీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. కిటికీ అద్దం మీద నీటి బిందువులు జారుతూ కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

వీటిలో ఏదీ కాకపోతే వోల్టేజీ చూడాలి. హీటరు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను, బట్టి ఉంటుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు ఇచ్చే హీటరు, సాయంత్రం వేళ 180 వోల్టులకు పడిపోతే సుమారు 1225 వాట్లే ఇస్తుంది. గంట పని గంటన్నర దాటుతుంది. మధ్యాహ్నం వేసినప్పుడు త్వరగా ఆరి, రాత్రి వేసినప్పుడు ఆలస్యమవుతుంటే కారణం ఇదే. అప్పుడు వేళ మార్చుకోండి, రోజూ ఇలాగే ఉంటే 1912 నంబరుకు ఫోన్ చేసి విద్యుత్ శాఖకు ఫిర్యాదు నమోదు చేయించండి.

ప్రశ్న: మా డ్రైయర్ తిరుగుతున్నా వేడి రావడం ఆగిపోయింది. మెకానిక్ వచ్చి లోపల ఏదో ఫ్యూజు పోయిందని, ఆ భాగం దొరకడం లేదని చెప్పి డైరెక్ట్ చేసి వెళ్లాడు. వేడి బాగానే వస్తోంది గాని, అప్పుడప్పుడు మాడు వాసన వస్తోంది. వాడుకోవచ్చా?
(ఒక ఉపాధ్యాయుడు, రాజాం)

జవాబు: వాడకండి. ఈ జవాబు చదివిన వెంటనే ప్లగ్గు తీసేయండి, ఫ్యూజుకు బదులు మెకానిక్ కలిపిన తీగ ముక్కను తీయించేదాకా మళ్లీ పెట్టకండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. డ్రైయర్‌లో వేడిని అదుపు చేయడానికి రెండు కాపలాలు ఉంటాయి. మొదటిది థర్మోస్టాట్. వేడి ఒక హద్దుకు చేరగానే హీటరును ఆపి, చల్లారగానే మళ్లీ కలుపుతుంది. విడతలో అది ఎన్నోసార్లు ఈ పని చేస్తుంది. ఏ కారణం చేతనైనా అది విఫలమై వేడి హద్దు దాటితే, రెండవదైన థర్మల్ ఫ్యూజు తాను కాలిపోయి కరెంటును తెంచేస్తుంది. అది ఒక్కసారికే పనికివచ్చే భాగం. అది పోయిందంటే మీ ఇంటిని కాపాడి పోయిందని భావించండి. దాని రెండు కొసలను తీగతో కలిపేయడాన్నే మన వాళ్లు డైరెక్ట్ చేయడం అంటున్నారు. ఫ్యాన్ రెగ్యులేటరును డైరెక్ట్ చేస్తే ఫ్యాన్ ఒకే వేగంతో తిరుగుతుంది, అంతే. ఇక్కడ మాత్రం ఎర్రగా కాలే తీగకు, దూది లాంటి నూగుకు మధ్య ఉన్న చివరి అడ్డును తీసేసినట్లు అవుతుంది. మీకు వస్తున్న మాడు వాసన ఆ నూగుదే కావచ్చు.

ఇంకొక మాట కూడా గమనించాలి. ఫ్యూజు ఊరికే పోదు. గాలి దారి మూసుకుపోవడం వల్లనో, థర్మోస్టాట్ అతుక్కుపోవడం వల్లనో పోతుంది. పై ప్రశ్నకు చెప్పినట్లు జల్లెడను, గొట్టాన్ని శుభ్రం చేయించి, హీటరు పెట్టె చుట్టూ ఉన్న నూగును తుడిపించి, ఫ్యూజుతో పాటు థర్మోస్టాట్‌ను కూడా పరీక్షింపజేయండి. కారణం తెలుసుకోకుండా కొత్త ఫ్యూజు వేసినా అది నెల తిరగకుండానే పోతుంది. ఫ్యూజు ధర హీటరు ధరతో పోలిస్తే చాలా తక్కువ. భాగం రాజాంలో దొరకకపోతే విశాఖపట్నం నుంచి తెప్పించుకునేదాకా బట్టలను ఫ్యాన్ కింద ఆరవేసుకోండి. నాలుగు రోజులు ఇబ్బందిగానే ఉంటుంది, నాకు తెలుసు. అయినా తప్పదు.

ప్రశ్న: మా ఇంట్లో పసిబిడ్డ ఉంది. రోజూ నువ్వుల నూనెతో ఒళ్లు మర్దనా చేసి స్నానం చేయిస్తాము. ఆ తువ్వాళ్లను డ్రైయర్‌లో వేయవచ్చా?
(ఒక అమ్మమ్మ, నరసన్నపేట)

జవాబు: చాలా అవసరమైన ప్రశ్న అడిగారమ్మా. నూనె మరకలు పూర్తిగా వదిలితేనే వేయండి. నువ్వుల నూనె వంటివి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు తమంతట తామే కొంత వేడిని పుట్టిస్తాయి. తువ్వాలు దండెం మీద పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. డ్రైయర్‌లోంచి వేడిగా తీసి బుట్టలో కుప్పగా పడేస్తే ఆ వేడి పోయే దారి లేక లోపలే పెరుగుతూ, గంటల తరువాత నిప్పు రాజుకునే ప్రమాదం ఉంది. నూనె తువ్వాళ్లను విడిగా, వేడినీటిలో, సబ్బుపొడి కాస్త ఎక్కువ వేసి, అవసరమైతే రెండుసార్లు ఉతికించండి. ఆరిన తువ్వాలులో ఇంకా నూనె వాసన వస్తోందంటే నూనె పోలేదనే లెక్క. దానిని ఎండకే వదిలేయండి. భోగినాడు, దీపావళినాడు ఇంటిల్లిపాదీ తలంటుకున్న తువ్వాళ్లకూ, వంటింట్లో మూకుడు తుడిచిన గుడ్డలకూ ఇదే వర్తిస్తుంది. డ్రైయర్ చివరి నిమిషాలలో హీటరు ఆగి చల్లగాలి వస్తుంది. తొందరపడి ఆ చల్లార్చే దశను మధ్యలో ఆపకండి. పెట్రోలు, కిరోసిన్ తగిలిన బట్టలను మాత్రం ఉతికిన తరువాత కూడా డ్రైయర్ దరిదాపులకు తీసుకురాకూడదు.

ప్రశ్న: ఉతకడం, ఆరబెట్టడం రెండూ చేసే ఒకే యంత్రాన్ని కొన్నాము. దాని మీద 8 కిలోలు అని రాసి ఉంది. నిండుగా వేస్తే శుభ్రంగా ఉతుకుతుంది గాని, ఆరబెట్టిన తరువాత బట్టలు ముద్దగా, తడిగా వస్తున్నాయి.
(ఒక పాఠకుడు, ఆమదాలవలస)

జవాబు: మీ యంత్రంలో లోపం లేదు. ఆ 8 కిలోలు ఉతకడానికి మాత్రమే. ఇలాంటి యంత్రాలలో ఆరబెట్టే సామర్థ్యం అంతకంటే బాగా తక్కువగా, చాలా నమూనాలలో 5 కిలోల దగ్గర ఉంటుంది. కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో రెండు అంకెలూ విడివిడిగా ఉంటాయి. ఉతకడం పూర్తయ్యాక సుమారు సగం బట్టలను బయటికి తీసి, మిగిలిన సగాన్నే ఆరబెట్టండి. డబ్బాలో బట్టలు పైకి లేచి కిందికి రాలేటంత ఖాళీ ఉంటేనే వేడిగాలి వాటి మధ్యకు వెళ్లగలదు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. ఇటువంటి యంత్రాలలో కొన్ని, ఆవిరిని తిరిగి నీరుగా మార్చడానికి ఆరబెట్టే సమయంలో కూడా కుళాయి నీటిని వాడుకుంటాయి. ఉతకడం అయిపోయింది కదా అని కుళాయి కట్టేసినా, మేడమీద ట్యాంకు ఖాళీ అయినా, బట్టలు వేడిగా ఉంటాయి గాని ఆరవు. మీ యంత్రం ఆ రకానిదేమో చూసుకోండి.

ప్రశ్న: డ్రైయర్ ఇరవై నిమిషాలకే అయిపోయిందని ఆగిపోతుంది. తలుపు తీస్తే బట్టలు తడిగానే ఉంటాయి.
(ఒక విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: డబ్బా లోపల, తలుపు దగ్గర, వేలెడు పొడవున్న రెండు సన్నని స్టీలు పట్టీలు కనిపిస్తాయి. తడిబట్ట ఆ రెండింటినీ ఒకేసారి తాకినప్పుడు యంత్రానికి తడి ఉందని తెలుస్తుంది. వాటి మీద కండిషనర్ జిడ్డు పేరుకుంటే తడి తెలియక, బట్టలు ఆరిపోయాయనుకుని ఆపేస్తుంది. ప్లగ్గు తీసి, సబ్బునీటిలో తడిపి పిండిన మెత్తని గుడ్డతో ఆ పట్టీలను తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. హాస్టల్ గదిలో ఉంటూ రెండు మూడు బట్టలే వేస్తున్నట్లయితే అవి పట్టీలను సరిగా తాకవు. అప్పుడు నిమిషాలు పెట్టుకునే పద్ధతిలో నడపండి.

ప్రశ్న: మా సెమీ ఆటోమేటిక్ మెషీన్‌లో డ్రైయర్ గుర్రుమంటుంది గాని తిరగదు. ఒక్కోసారి తిరిగినా మెషీన్ మొత్తం గంతులు వేస్తూ గోడ దాకా వెళుతోంది. మెకానిక్ పలాస నుంచి రావాలి. ఈలోగా మేము చూసుకోగలిగినవి ఉన్నాయా?
(ఒక రైతు, సోంపేట)

జవాబు: తప్పకుండా ఉన్నాయండీ. గంతుల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దానికి మెకానిక్ అక్కర్లేదు. తడిసిన ఒకే ఒక్క దుప్పటిని వేస్తే బరువంతా ఒక పక్కకు చేరి తొట్టి ఊగిపోతుంది. బట్టలను చుట్టూ సమానంగా సర్ది, పైన లోపలి ప్లాస్టిక్ మూతను అదిమి పెట్టి, ఆ తరువాతే పెద్ద మూత వేయండి. మెషీన్ నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి. దొడ్లో వాలుగా ఉన్న గచ్చు మీద పెట్టి ఉంటే కాలి కింద చెక్క ముక్కతో ఎత్తు సరిచేయండి.

ఇక తిరగకపోవడం. చప్పుడే రాకపోతే మూత దగ్గరి స్విచ్చును అనుమానించాలి. మీ యంత్రం గుర్రుమంటోంది కాబట్టి మోటారుకు కరెంటు అందుతోంది, కదలలేకపోతోంది. దీనికి సాధారణంగా మూడు కారణాలుంటాయి. తిరిగే బుట్టకు, బయటి తొట్టికి మధ్యనున్న సందులో చేతిరుమాలో, మేజోడో జారిపోయి అడుగున చుట్టుకుని ఉండవచ్చు. ప్లగ్గు తీసి, టార్చిలైటు వేసి ఆ సందులోకి చూడండి. కనిపిస్తే వంచిన తీగతో మెల్లగా పైకి లాగండి. రెండవది బ్రేకు. మూత వేసినప్పుడు ఒక సన్నని తీగ బ్రేకును లాగి వదులు చేస్తుంది. సోంపేట సముద్రానికి దగ్గర కనుక ఉప్పుగాలికి ఆ తీగ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. మూడవది కెపాసిటర్, మన మెకానిక్‌లు కండెన్సర్ అనేది దీనినే. మోటారును మొదట కదిలించే ఊపు అది ఇస్తుంది. చివరి రెండింటినీ మెకానిక్‌కే వదిలేయండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కండెన్సర్‌లో కరెంటు నిలిచి ఉండి షాక్ కొట్టవచ్చు. బుట్టను చేత్తో తిప్పి ఊపు ఇచ్చే అలవాటు కొన్ని ఇళ్లలో చూశాను. హఠాత్తుగా అందుకుంటే వేళ్లు మిగలవు, దయచేసి ఆ పని చేయకండి. బాగు చేయించిన రోజున మెకానిక్ ఎదుటే మూత తెరిచి చూడండి. బుట్ట కొన్ని క్షణాలలో ఆగాలి. తిరుగుతూనే ఉందంటే బ్రేకు సరిగా బిగించలేదని చెప్పి మళ్లీ చేయించండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే.

కింది రేకు తుప్పు పట్టకుండా మెషీన్‌ను స్టాండు మీద పెట్టుకోవడం, ఎలుకలు వైర్లు కొరకకుండా అడుగున జాలీ బిగించుకోవడం మీ వైపు చాలా అవసరం.

ప్రశ్న: డ్రైయర్ నడిచిన అరగంటకు ప్లగ్గు ముట్టుకోలేనంత వేడెక్కుతోంది.
(ఒక పాఠకురాలు, భోగాపురం)

జవాబు: 2000 వాట్ల డ్రైయర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటును గంటసేపు ఆపకుండా లాగుతుంది. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు గాని, ఎక్స్‌టెన్షన్ బోర్డు గాని దానిని మోయలేవు. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఇవన్నీ ఉన్నా వేడెక్కుతోందంటే సాకెట్టు లోపలి రేకులు వదులైపోయాయి. సాకెట్టు మార్పించండి, ప్లగ్గు నల్లబడి ఉంటే దానిని కూడా.

ప్రశ్న: తిత్లీ తుఫానులో మా వీధిలోకి నీరు వచ్చింది. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే కొత్తగా కొన్న డ్రైయర్‌ను ఎలా కాపాడుకోవాలి?
(ఒక పాఠకుడు, పలాస)

జవాబు: 2018 అక్టోబరు 11న తిత్లీ మీ పక్కనే తీరం దాటిన తరువాత మీ ప్రాంతం ఎంత నలిగిందో తెలుసు కనుక మీ ఆందోళన అర్థమైంది. తుఫాను హెచ్చరిక రాగానే ప్లగ్గు తీసి, వీలైతే యంత్రాన్ని ఎత్తైన అరుగు మీదికి చేర్చి, బయటి గొట్టం కన్నాన్ని గుడ్డతో మూయండి. గుడ్డ పెట్టిన సంగతి యంత్రం మీద కాగితం అంటించి రాసిపెట్టుకోండి, లేకపోతే తరువాత మరిచిపోయి అలాగే నడుపుతారు. నీరు లోపలికి చేరితే, పైకి ఆరినట్లు కనిపించినా, మెకానిక్ విప్పి మోటారును, వైర్లను పరీక్షించేదాకా స్విచ్చు వేయకండి. తెగిన కరెంటు తిరిగి వచ్చిన మొదటి గంటల్లో వోల్టేజీ నిలకడగా ఉండదు, ఆ వేళలో కూడా ఆగండి.

ప్రశ్న: పొందూరు ఖద్దరు పంచెను డ్రైయర్‌లో వేయవచ్చా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, విజయనగరం)

జవాబు: వద్దండీ. చేత్తో వడికి, చేత్తో నేసిన అంత సన్నని నూలు వేడిగాలికి ముడుచుకుంటుంది, డబ్బాలో దొర్లి దొర్లి నూగు లేస్తుంది. ఆ నూగు మీ జల్లెడలో కనిపిస్తుంది, అంటే పంచె అంతమేరకు పలచబడిందన్నమాట. గట్టిగా పిండకుండా, నీడన, గాలి తగిలే చోట దండెం మీద నిడివిగా పరవండి. వానరోజైతే గదిలో ఫ్యాన్ కింద కట్టిన తాడు చాలు.